పంపు స్క్రూ తిప్పితే పికప్ రాదు, పొగ వస్తుంది

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అచ్చంపేట, అమ్రాబాద్ వైపు, అటు దేవరకొండ, చందంపేట వైపు పాత డీజిల్ జీపులు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. పొలాలకు, తండాలకు, రోడ్డు సరిగా లేని చెంచుపెంటలకు (చెంచుల గూడేలకు) అవే దిక్కు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర వచ్చిందంటే ఫర్హాబాద్ దాటి అడవిలోకి పోయే మట్టి దారిలో వాటి వరుస చూడాలి. ముందు బండి లేపిన దుమ్ములో వెనుక బండి డ్రైవర్‌కు దారే కనిపించదు. ఈ జీపులు పాతబడి ఎత్తు ఎక్కలేకపోతే మావాళ్లు డీజిల్ పంపు స్క్రూ తిప్పించి చేయిస్తున్న వైద్యం గురించి, దాని ఫలితం రోడ్డు మీద నల్లగా కనిపిస్తున్నా ఎవరూ అడగకపోవడం గురించి ఈ లేఖ.

ముందు నా సంగతే చెప్పుకుంటాను. నాది 2004 మోడల్ ఫోర్ వీల్ జీపు. 15 ఏళ్లు నిండాక 2019లో ఒకసారి, మళ్లీ 2024లో ఒకసారి ఆర్సీ రెన్యువల్ చేయించాను. పోయిన ఎండాకాలం శ్రీశైలం వెళ్లి తిరిగి వస్తుంటే, డ్యాం దగ్గర నుంచి ఈగలపెంటకు ఎక్కే ఘాటులో బండి గుంజడం మానేసింది. మూడో గేరు పోయి రెండు, రెండు పోయి ఒకటి. యాక్సిలరేటర్ నేలకు తొక్కినా స్పీడు లేదు. అట్లాగని పొగ లేదు, తేడా శబ్దం లేదు, ఇంజిన్ వేడెక్కలేదు. రాత్రి 9 కొడితే దోమలపెంట దగ్గర ఫారెస్టు గేటు పడుతుంది, తెల్లారి 6 దాకా తీయరు. బండిలో మా అమ్మ, చిన్నపిల్లలు. టెన్షన్‌తో పక్కకు ఆపి, నీళ్లు తాగి, పావుగంట తర్వాత స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు ఎక్కింది. ఇరవై నిమిషాలకు మళ్లీ అదే కథ. ఎట్లాగో గేటు దాటాం.

మర్నాడు ఒక మెకానిక్‌కు చూపించాను. బానెట్ ఎత్తి, ఇంజిన్ శబ్దం కాసేపు విని, "డీజిల్ తక్కువ పోతుంది కాకా. పంపు మీద స్క్రూ జరంత తిప్పుతా, గుర్రం లెక్క ఉరుకుతది" అన్నాడు. ఇంజిన్‌కు ఎంత డీజిల్ పోవాలో కొలిచి పంపే ఆ పంపుకు కంపెనీ వేసిన సీలు వైరు తెంపి తిప్పాడు. నిజమే, చదును రోడ్డు మీద రెండు రోజులు ఉరికింది. వెనకాల నల్లటి పొగ మొదలైంది. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి 9కి వచ్చింది. ఘాటులో మాత్రం పాత జబ్బే. ఇంకొకాయన ఇంజిన్ విప్పి బోరు చేయాలన్నాడు, అంటే అరిగిన సిలిండర్లను మళ్లీ కోయించాలన్నాడు. పల్లికాయ అమ్మిన డబ్బు దానికే పెట్టాలేమో అనుకున్నాను.

అసలు సంగతి ఇంట్లో బయటపడింది. పొలం నుంచి వచ్చి, డబ్బాలో ఉన్న డీజిల్ పోద్దామని టాంకీ మూత తిప్పితే లోపలికి స్‌స్‌ అని గాలి లాక్కుంది. టాంకీ గాలి పైపు కొస వంగి చూశాను. కుమ్మరి పురుగు మట్టితో గూడు కట్టి పెట్టింది! సైకిల్ చువ్వతో పొడిచి తీశాను. ఇంజిన్ డీజిల్ తాగుతున్నకొద్దీ టాంకీలోకి అంత గాలి రావాలి. దారి మూసుకుపోతే లోపల వ్యాక్యూమ్ ఏర్పడి, టాంకీలోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. కాసేపు ఆపితే సందుల్లోంచి కొంత గాలి చేరి బండి కోలుకుంటుంది. పావుగంట విశ్రాంతి మహత్యం అదన్న మాట. ఖర్చు సున్నా.

డీజిల్ ఇంజిన్ బలం గాలి, డీజిల్ ఈ రెండింటి పొందిక మీదే ఉంటుంది. ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 10 వేల లీటర్ల గాలి కావాలి. గాలి చాలకపోతే మండని డీజిల్ మసిగా మారి సైలెన్సర్‌లోంచి బయటికొస్తుంది, మనం చూసే నల్ల పొగ అదే. అలాంటప్పుడు స్క్రూ తిప్పి డీజిల్ పెంచడమంటే, ఊపిరాడక నీరసపడ్డవాడి నోట్లో ఇంకో ముద్ద కుక్కడమే. పైగా లోపల వేడి పెరుగుతుంది. అట్లాగే ఎత్తులు ఎక్కిస్తూ పోతే పిస్టన్లు, హెడ్ గ్యాస్కెట్, టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేది) ఉంటే అది కూడా దెబ్బతింటాయి. అప్పుడు నిజంగానే ఇంజిన్ విప్పాలి.

ఇంట్లో మనమే చూసుకోవడం పెద్ద విద్యేం కాదు. ముందు పొగ ఉందా లేదా చూడాలి. నల్ల పొగ ఉండి పికప్ పోతే మొదట ఎయిర్ ఫిల్టర్. కాగితం ఫిల్టర్ అయితే తీసి వెనక టార్చ్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది. లోపలి వైపు నుంచి మెల్లగా గాలి కొట్టాలి, నీళ్లతో కడగొద్దు, మరీ నల్లబడితే మార్చేయాలి. బాగా పాత జీపుల్లో ఆయిల్ గిన్నెలో దుమ్మును పట్టే ఆయిల్ బాత్ ఫిల్టర్ ఉంటుంది. సలేశ్వరం పోయి వచ్చాక దాని గిన్నె విప్పి చూడండి, అడుగున ఎర్రమట్టి బురద గట్టిపడి ఉంటుంది. డీజిల్‌తో కడిగి, గీత దాకా కొత్త ఆయిల్ పోస్తే చాలు. గీత దాటితే ఆ ఆయిల్‌నే ఇంజిన్ లోపలికి లాక్కునే ప్రమాదం ఉంది. టర్బో ఉన్న బండి అయితే దాని రబ్బరు పైపుల వంపుల కింద వేలితో తడిమి చూడాలి. పగులు ఎప్పుడూ కంటికి కనిపించని వైపే ఉంటుంది, అక్కడ ఆయిల్ చెమ్మ తగులుతుంది.

పొగ లేకుండా బలం పోతే చాలాసార్లు డీజిల్ అందడం లేదని అర్థం. మా వైపు దీనికి పెద్ద కారణం డబ్బాల డీజిల్. నేనూ అందుకు అతీతుణ్ణి కాను. ప్లాస్టిక్ డబ్బాలో నెలల తరబడి నిలవ ఉన్న డీజిల్ అడుగున నీరు, చెత్త చేరతాయి. డీజిల్ ఫిల్టర్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ కొద్దిగా వదిలి గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు ఆగితే నీళ్లు అడుగుకు దిగి వేరుగా కనిపిస్తాయి. నీళ్లు వదిలాక హ్యాండ్ ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టి, బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయాలి. రాత్రి నిలిపిన బండి పొద్దున ఎంత సెల్ఫ్ కొట్టినా లేవకపోతే ఏదో పైపు జాయింటు దగ్గర గాలి పడుతోందేమో చూడాలి.

ఇంకొన్ని నవ్వొచ్చే కారణాలూ ఉంటాయి. కాళ్ల కింద పట్టా మడతపడి యాక్సిలరేటర్ పూర్తిగా కిందికి పోకపోవచ్చు. ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు పంపు మీద లివర్ చివరిదాకా తిరుగుతుందో లేదో చూస్తే అది తేలుతుంది. పది కిలోమీటర్లు నడిపాక ఏదో ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి ఎక్కువగా కొడుతుంటే బ్రేకు పట్టేసి ఉన్నట్టు. ఆ బండికి ఇంజిన్‌లో జబ్బే లేదు.

ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు మాత్రం టెస్టింగ్ మెషీన్ ఉన్నవాళ్లకే ఇవ్వాలి. నాజిల్ నుంచి చిమ్మే డీజిల్‌కు చేయి అడ్డం పెట్టొద్దు, చర్మంలోకి దూసుకుపోతుంది. కామన్ రైల్ బండ్లలో (నాజిళ్లన్నిటికీ ఒకే పైపులోంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే కొత్త రకం) ఆ ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది కాబట్టి ఇంజిన్ నడుస్తుండగా ఆ పైపుల జోలికి అసలే పోవద్దు. పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపి కాలుష్యం తగ్గించే ఈజీఆర్‌కు రేకు ముక్క అడ్డం పెట్టి మూసేయడం కూడా ఈ మధ్య మా దగ్గర ఫ్యాషన్ అయింది. మసి పడితే విప్పి శుభ్రం చేయించుకోవాలి కానీ మూసేస్తే ఎట్లా? కంపెనీ ఇచ్చిన దాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది.

ఇక నా ఫిర్యాదు. స్క్రూ తిప్పించి నల్ల పొగ వదులుతూ తిరిగిన రోజుల్లోనే నా పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు అయిపోయింది. ఒక చెకింగ్ సెంటర్‌కు పోయాను. అక్కడి అబ్బాయి నంబర్ ప్లేటు ఫొటో తీసుకున్నాడు, డబ్బు తీసుకున్నాడు, కాగితం చేతికిచ్చాడు. ఇంజిన్ స్టార్ట్ చేయమని కూడా అనలేదు. కాగితం మీద మాత్రం అంకె శుభ్రంగా, హద్దులోపలే ఉంది. మారు మాట్లాడకుండా తీసుకుని వచ్చిన నాదీ తప్పే, ఒప్పుకుంటున్నాను.

పరీక్ష పద్ధతి ప్రకారం ఇంజిన్ వేడిగా ఉండాలి, గేరు న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కాలి, సైలెన్సర్‌లో పెట్టిన ప్రోబ్ (మీటరు గొట్టం) ద్వారా పొగ ఎంత చిక్కగా ఉందో కొలవాలి. ఇట్లా కొన్నిసార్లు చేసి సగటు తీస్తారు. బీఎస్-4 (కాలుష్య ప్రమాణాల్లో ఒక దశ) కంటే పాత డీజిల్ బండ్లకు ఈ పొగ చిక్కదనం అంకె హద్దు 2.45, బీఎస్-4 బండ్లకు 1.62. ఈ అంకెను మనం పోలీసులకు చూపించే కాగితంగానే చూస్తున్నాం. నిజంగా కొలిస్తే అది ఇంజిన్ జ్వరం చీటీ. ఆరు నెలల కింద 1.4 ఉన్నది ఇప్పుడు 2.2 అయిందంటే, బండి ఘాటులో ఆగకముందే ఫిల్టరో, నాజిలో చూసుకోమని చెప్పినట్టే. దొంగ అంకె వేసి ఇస్తే ఊరి గాలి పాడవడం ఒకటి, బండి యజమానికి తెలియాల్సిన సంగతి తెలియకుండా పోవడం ఇంకొకటి.

అందుకే నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల రవాణా శాఖ అధికారులను అడుగుతున్నాను. చెకింగ్ సెంటర్లలో ప్రోబ్ పెడుతున్నారో లేదో చెప్పకుండా వచ్చి చూడండి. జాతరకు జీపులు బయలుదేరే ముందు మన్ననూరు దగ్గర ఒక్కరోజు పొగ కొలిచే స్మోక్ మీటర్‌తో శిబిరం పెట్టండి. జరిమానాలు రాయడానికైతే ఒక్కడూ రాడు. దగ్గర్లోని ఐటీఐ డీజిల్ మెకానిక్ పిల్లలను కూర్చోబెట్టి ఫిల్టర్లు చూడటం, నీళ్లు తీయడం నేర్పిస్తే, వాళ్లకు పని వస్తుంది, మాకు బండ్లు బాగవుతాయి. ముందు నా జీపునే తెస్తాను. స్క్రూ వెనక్కి తిప్పించి మళ్లీ సీలు వేయించాను, ఇప్పుడు అసలు అంకె ఎంత వస్తుందో నాకూ చూడాలని ఉంది.

ఇట్లు,
పాత జీపు నడిపే ఒక రైతు,
అచ్చంపేట, నాగర్‌కర్నూల్ జిల్లా