మెకాలే ‘లార్డ్’ అయింది ఎప్పుడు?

సంపాదకులు గారికి, నమస్కారం.

మన చదువుల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ పత్రికల్లో ‘1835లో లార్డ్ మెకాలే’ అన్న మాట కనిపిస్తుంది. మీ పత్రికలోనూ చాలాసార్లు చూశాను. 1835లో మెకాలే లార్డ్ కాదు. అప్పటికి ఆయన గవర్నర్ జనరల్ కౌన్సిల్లో న్యాయ సభ్యుడు, ఉత్త మిస్టర్ మెకాలే. లార్డ్ అనిపించుకునే బ్యారన్ బిరుదు 1857లో గానీ రాలేదు. ఆ తర్వాత రెండేళ్లకే పోయాడు.

ఇంత చిన్న విషయానికి ఉత్తరం రాయాలా అని మీకు అనిపించవచ్చు. వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతున్న పోస్టు ఒకటుంది. ‘1835 ఫిబ్రవరి 2న లార్డ్ మెకాలే బ్రిటిష్ పార్లమెంటులో చేసిన ప్రసంగం’ అని పైన ఉంటుంది. దేశమంతా తిరిగాను, ఒక్క బిచ్చగాడూ కనపడలేదు, వీళ్ల వెన్ను విరవాలంటే చదువు మార్చాలి అన్నట్టుగా సాగుతుంది. చదువుకున్నవాళ్లు కూడా నమ్మి పదిమందికి పంపుతున్నారు. ఆ తేదీన మెకాలే కలకత్తాలో ఉన్నాడు. ఎంపీ పదవి వదులుకుని 1834 జూన్‌లో మద్రాసులో ఓడ దిగాడు. ఆ రోజుకి కామన్స్ సభలో సభ్యుడు కాదు, లార్డ్స్ సభలో అసలే కాదు. అదే తేదీతో ఆయన ఇంగ్లిష్ చదువు మీద రాసిన నివేదిక నిజంగానే ఉంది. మన భాషల్ని, మన గ్రంథాల్ని అందులో ఎంత చులకన చేశాడో చదివితే కోపం రావడానికి అదే చాలు, లేని ప్రసంగం పుట్టించనక్కర్లేదు. కానీ ‘లార్డ్’ అన్న మాట పేరుకు అతుక్కుపోయింది కాబట్టి, ఆయన పార్లమెంటులో లేచి మాట్లాడాడంటే ఎవరికీ అనుమానం రావడం లేదు.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. గ్రూప్స్‌కి చదివే పిల్లలు అప్పుడప్పుడు నోట్సు పట్టుకుని ఇంటికి వస్తుంటారు. ఈమధ్య ఒకమ్మాయి నోట్సులో ‘లార్డ్ హేస్టింగ్స్’ అని హెడ్డింగు పెట్టి, కింద వరసగా రెగ్యులేటింగ్ చట్టం, రోహిల్లా యుద్ధం, నేపాల్ యుద్ధం, పిండారీల అణచివేత అని రాసుకుంది. మొదటి రెండూ వారన్ హేస్టింగ్స్ కాలం నాటివి. చివరి రెండూ 1813లో వచ్చిన మరో హేస్టింగ్స్ కాలం నాటివి. ఈ రెండో ఆయన ఎర్ల్ ఆఫ్ మోయిరాగా వచ్చి, నేపాల్ యుద్ధం తర్వాత మార్క్వెస్ ఆఫ్ హేస్టింగ్స్ అయ్యాడు. వారన్ హేస్టింగ్స్‌కి లార్డ్ బిరుదు ఎన్నడూ రాలేదు. పైగా 1788 నుంచి 1795 దాకా లార్డ్స్ సభ ఎదుట ముద్దాయిగా నిలబడ్డ మనిషి. ఆ అమ్మాయిని తప్పుపట్టలేం. తను చదివిన గైడులో ‘లార్డ్ వారన్ హేస్టింగ్స్’ అనే అచ్చయింది. పరీక్షలో మార్కు పోయేది మాత్రం తనకే.

బ్రిటన్‌లో డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్ అని ఐదు అంతస్తులు. డ్యూక్‌ని మినహాయిస్తే మిగతా నలుగురినీ లార్డ్ అనే పిలుస్తారు. అందుకే మన పుస్తకాల్లో కారన్‌వాలిస్, వెల్లస్లీ, డల్హౌసీ, కర్జన్ అందర్నీ ఒకే గాటన కట్టేశారు. ఎవరికి ఏ బిరుదు ఎప్పుడు, దేనికి వచ్చిందో చూస్తే చరిత్ర ఇంకోలా కనపడుతుంది. క్లైవ్ 1744లో కంపెనీ గుమాస్తాగా మద్రాసు వచ్చిన కుర్రాడు. 1757లో ప్లాసీ గెలిచాడు, బోలెడంత డబ్బు చేసుకున్నాడు, 1762లో ‘బ్యారన్ క్లైవ్ ఆఫ్ ప్లాసీ’ అయ్యాడు. ‘లార్డ్ క్లైవ్ ప్లాసీలో గెలిచాడు’ అని రాస్తే ఆ వరస మొత్తం తారుమారు అవుతుంది. టిప్పును ఓడించాక 1792లో కారన్‌వాలిస్ మార్క్వెస్ అయ్యాడు. టిప్పు చనిపోయిన 1799లోనే వెల్లస్లీకీ అదే హోదా ఇచ్చారు. శ్రీరంగపట్నం మీదికి సేనను నడిపిన జనరల్ హారిస్‌కి 1815లో దక్కిన బిరుదులో శ్రీరంగపట్నం, మైసూరు పేర్లు రెండూ ఉన్నాయి. మైసూరు యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన నేలే 1800లో కంపెనీ చేతికి పోయి దత్తమండలాలు అయింది. రాయలసీమ పిల్లలకు ఈ సంగతి పాఠంలో చెప్పాలా వద్దా? గవర్నర్ జనరల్ హార్డింజ్ బిరుదులో లాహోర్ ఉంది, డల్హౌసీ బిరుదులో పంజాబ్ ఉంది. గెలుచుకున్న ఊళ్లను పేర్లలో చెక్కుకున్నారు. తేదీ చూడకుండా అందరికీ ముందే ‘లార్డ్’ తగిలిస్తే ఇదంతా కనపడకుండా పోతుంది.

ఇప్పటి వార్తల్లో తప్పు ఇంకోరకం. ఈనాటి లార్డ్ అంటే కోట, ఎస్టేటు ఉన్న జమీందారు అని పాఠకులు అనుకుంటున్నారు. 1958 చట్టం వచ్చాక ఎక్కువగా జీవితకాలానికే లార్డ్స్‌ను నియమిస్తున్నారు. వారసత్వంగా కూర్చునేవాళ్లలో చాలామందిని 1999లోనే సభ నుంచి పంపేశారు. మన రాజ్యసభ నామినేటెడ్ సభ్యుడికి ఆరేళ్లు, అక్కడ దాదాపు జీవితాంతం. మాజీ ప్రధాని కామెరాన్‌ను 2023లో విదేశాంగ మంత్రిని చేసినప్పుడు లార్డ్‌ను కూడా చేసింది పార్లమెంటులో చోటు కోసమే. మన దేశంలో పుట్టిన పారిశ్రామికవేత్త స్వరాజ్ పాల్ 1996లో ‘లార్డ్ పాల్’ అయ్యారు. ఆ బిరుదు ఆయనతోనే సరి, పిల్లలకు రాదు. ఆయన పోయినప్పుడు వచ్చిన వార్తల్లో ఈ ఒక్క వాక్యం ఉంటే బాగుండేది.

‘సర్’ సంగతి మరీ అన్యాయం. నైట్‌హుడ్ పొందినవాళ్లకు వచ్చే ఆ మాట సొంత పేరుకు చేరుతుంది, ఇంటిపేరుకు కాదు. 2025లో ఫుట్‌బాల్ ఆటగాడు బెక్‌హామ్‌కి ఇచ్చారు కాబట్టి ఆయన ‘సర్ డేవిడ్’. భార్య ‘లేడీ బెక్‌హామ్’, అంతేగానీ ‘లేడీ విక్టోరియా’ కాదు. పెళ్లికి ముందు డయానాను ‘లేడీ డయానా’ అన్నారంటే, ఆమె ఎర్ల్ కూతురు కాబట్టి. మా గోదావరి జిల్లాల్లో సభల్లోనూ ఫ్లెక్సీల మీదా ‘సర్ కాటన్’ అని ఉంటుంది. సర్ ఆర్థర్ కాటన్ అనండి, లేదా మా తాతల్లాగా కాటన్ దొర అనండి. ఆనకట్ట 1852లో పూర్తయింది, ‘సర్’ వచ్చింది 1861లో.

విదేశీయులకు గౌరవంగా ఇచ్చే నైట్‌హుడ్‌తో ‘సర్’ రాదు. రతన్ టాటాకి 2014లో, సునీల్ మిట్టల్‌కి 2024లో దక్కినవి అలాంటివే. మనవాళ్లు విదేశీ బిరుదు తీసుకోకూడదని రాజ్యాంగం 18వ అధికరణ కూడా చెబుతోంది. ‘సర్ రతన్ టాటా ట్రస్ట్’లోని సర్ వేరే మనిషి. ఆయన జంషెడ్జీ టాటా కొడుకు, 1916లో నైట్‌హుడ్ పొందిన రతన్ టాటా.

నా విన్నపం ఒక్కటే. మీ డెస్క్‌లో వార్తలు దిద్దేవాళ్ల దగ్గర ఈ నియమాలు ఒక కాగితం మీద ఉండాలి. గ్రూప్స్, డీఎస్సీ అభ్యర్థుల కోసం మీరు వేసే పేజీలో గవర్నర్ జనరల్స్ పట్టిక ఇచ్చినప్పుడు, పదవీకాలం పక్కన బిరుదు వచ్చిన ఏడాది కూడా వేయండి. బిరుదు లేనివాళ్లకు ఆ గడి ఖాళీగా వదిలేయండి. తెలుగు అకాడమీ పుస్తకాల్లోనూ ఇలాగే చేయమని మీరు ఒక సంపాదకీయం రాస్తే వాళ్లు పట్టించుకుంటారని నా నమ్మకం.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
రాజమహేంద్రవరం