క్రెడిట్ కార్డుల లెక్క తెలుగులో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

క్రెడిట్ కార్డులు నాలుగైదు ఉన్నవారినందరినీ అప్పుల్లో కూరుకుపోయినవారితో కలిపి జమకట్టే వ్యాసాలు, లేఖలు ఈ మధ్య తరచుగా చదువుతున్నాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్ఫై ఒక్క సంవత్సరాలు గణితం బోధించి పదవీ విరమణ చేసినదాన్ని. నా దగ్గర ఇప్పుడు ఏడు క్రెడిట్ కార్డులున్నాయి. కొన్న వస్తువు మీద ఒక్క రూపాయి కూడా వడ్డీ కట్టవలసిన అవసరం నాకు ఇంతవరకు రాలేదు. ఒకే ఒకసారి మాత్రం నా అజాగ్రత్త వల్ల దెబ్బతిన్నాను, ఆ సంగతి కూడా దాచకుండా రాస్తాను. కార్డులు సేకరించడం, క్రెడిట్ స్కోరును, అంటే అప్పు ఎంత నమ్మకంగా తీరుస్తామో చూపే అంకెను, ఓపికగా పెంచుకోవడం నాకు పన్నెండేళ్లుగా ఉన్న అభిరుచి. ఇది పరువు తక్కువ పని కాదనీ, అయితే దీనికి కావలసిన పరిజ్ఞానమంతా ఇంగ్లీషులో ఇరుక్కుపోవడం వల్లనే మనవాళ్లు నష్టపోతున్నారనీ చెప్పడానికే ఈ ఉత్తరం.

క్రెడిట్ కార్డు మనకు కొత్త వస్తువేమీ కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, దేశంలో ఇంకా చాలామంది ఆ పేరే వినని రోజుల్లో, 1981లోనే క్రెడిట్ కార్డులు ఇచ్చింది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైపోయింది. ఆ రోజుల్లో కార్డు పెద్ద ఉద్యోగుల జేబుల్లో ఉండేది. 2024 నాటికి దేశంలో చలామణిలో ఉన్న కార్డులు పది కోట్లు దాటాయి. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి కలుపుకునే వీలు కూడా రావడంతో, కిరాణా కొట్టులో కేజీ కందిపప్పు సైతం అరువు మీద కొనే రోజు వచ్చింది. వస్తువు వీధిలోకి వచ్చినంత వేగంగా దాని లెక్క మాత్రం రాలేదు.

నా అభిరుచిలో కార్డుల కంటే ముఖ్యమైనది ఒక పొడుగాటి నోటు పుస్తకం. ఒక్కో కార్డుకు ఒక్కో పేజీ కేటాయించి, దాని పరిమితి ఎంత, బిల్లు ఏ తేదీన తయారవుతుంది, కట్టవలసిన గడువు ఎప్పుడు, వార్షిక రుసుము ఏ నెలలో పడుతుంది, ఏడాదికి ఎంత ఖర్చు చేస్తే ఆ రుసుము మాఫీ అవుతుంది, చివరిసారి ఎప్పుడు వాడాను అన్న వివరాలన్నీ చేత్తో రాసుకుంటాను. ఉదాహరణకు ఒక కార్డు బిల్లు ప్రతి నెలా 5వ తేదీన తయారై, 25వ తేదీ గడువుగా ఉందనుకుందాం. జూన్ 4న కొన్న వస్తువుకు జూన్ 25నే డబ్బు కట్టాలి, అంటే 21 రోజులే వ్యవధి. అదే వస్తువును రెండు రోజులు ఆగి 6న కొంటే జూలై 25 దాకా, అంటే 49 రోజులు, వడ్డీ లేకుండా గడువు దొరుకుతుంది. ఇంట్లో ఫ్రిజ్ మార్చవలసి వచ్చినప్పుడు నేను చేసింది ఇదే. కలిసి వచ్చిన వడ్డీ పెద్ద మొత్తమేమీ కాదు. వేసుకున్న లెక్క వేసుకున్నట్టే తేలినప్పుడు కలిగే తృప్తి మాత్రం, కష్టమైన రేఖాగణిత సమస్యను తరగతిలో చివరి బెంచీ పిల్లవాడు సాధించినప్పుడు కలిగే తృప్తికి తీసిపోదు.

స్కోరు విషయమూ అంతే. మన దేశంలో సిబిల్ అనే రుణ సమాచార సంస్థ 2000 సంవత్సరంలో ఏర్పడింది, అలాంటి సంస్థలను నియంత్రించే చట్టం 2005లో వచ్చింది. ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలు మన చెల్లింపుల చరిత్రను భద్రపరుస్తున్నాయి. స్కోరు 300కూ 900కూ మధ్య ఉంటుంది, 750 దాటితే రుణమిచ్చేవారు సాధారణంగా సంతోషిస్తారు. అందులో అన్నిటికంటే బరువైనది గడువు తప్పకుండా కట్టడం. ఆ తర్వాత చూసేది పరిమితిలో ఎంత భాగం వాడుతున్నామన్నది. లక్ష పరిమితి ఉన్న ఒకే కార్డు మీద అరవై వేలు వాడే మనిషి, నాలుగు కార్డుల మీద మొత్తం నాలుగు లక్షల పరిమితి ఉంచుకుని అదే అరవై వేలు వాడితే వాడకం 60 శాతం నుంచి 15 శాతానికి తగ్గుతుంది. ఖర్చు ఒక్కటే, కట్టే మనిషి ఒక్కడే, కానీ రుణదాత కంటికి ఆ మనిషి కనిపించే తీరు మారిపోతుంది. ఎక్కువ కార్డులుండటం దానంతట అది దోషం కాదని నేననడానికి కారణం ఇదే. అయితే ఒకే నెలలో నాలుగు బ్యాంకులకు దరఖాస్తు పెడితే నాలుగు ఎంక్వైరీలూ, అంటే ఆ బ్యాంకులు మన గురించి చేసిన విచారణలు, రుణ నివేదికలో నమోదై, ఈ మనిషికి డబ్బుకు కటకటగా ఉన్నట్టుందన్న అనుమానం కలిగిస్తాయి. మన నివేదికను మనమే చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు. ఒక్కో సంస్థ నుంచి ఏడాదికొక పూర్తి నివేదికను ఉచితంగా పొందే హక్కు మనకుంది. ఈ సంగతి తెలియక, డబ్బు కట్టి మరీ చూసుకునే చదువుకున్నవారిని నేనెరుగుదును.

సేకరణ కోసమే సేకరించేవారూ లోకంలో లేకపోలేదు. కాలిఫోర్నియాకు చెందిన వాల్టర్ కవానా అనే ఆయన మిత్రుడితో వేసిన పందెంతో మొదలుపెట్టి, 1,497 కార్డులు కూడబెట్టి గిన్నిస్ రికార్డుకెక్కారు. మనలాంటి మధ్యతరగతి కుటుంబాలకు అది ఆదర్శం కాదు. నోటు పుస్తకంలో తప్పకుండా రాసుకోగలిగినన్ని కార్డులే ఉంచుకోవాలన్నది నా నియమం, ఆ నియమం నాకు దెబ్బ తగిలాకే అబ్బింది.

ఆ దెబ్బ ఇది. 2017లో ఒక బ్యాంకు ప్రతినిధి పాఠశాలకు వచ్చి, మొదటి ఏడాది రుసుము లేదంటూ ఒక కార్డు ఇప్పించాడు. నేను దాన్ని వాడలేదు, పుస్తకంలోనూ రాసుకోలేదు. మధ్యలో నా ఫోను నంబరు మారింది. రెండో ఏడాది 500 రూపాయల రుసుము, దాని మీద జీఎస్టీ 90 కలిపి 590 రూపాయలు పడింది. కట్టమంటూ వచ్చిన సందేశాలన్నీ పాత నంబరుకే వెళ్లాయి. ఆలస్య రుసుములు, వడ్డీ కలిసి తొమ్మిది నెలల్లో బాకీ నాలుగు వేలు దాటింది. మా వారూ నేనూ కలిసి ఇంటి రుణానికి దరఖాస్తు పెట్టుకున్నప్పుడు, మేడమ్, మీ పేరు మీద ఎగవేత కనిపిస్తోందని అధికారి అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. ముప్ఫై ఏళ్లు జీతం అందుకున్న మర్నాడే పాలవాడికీ కిరాణా కొట్టుకూ బాకీ తీర్చిన మనిషిని ఆ మాట ఎంత బాధిస్తుందో పాఠకులు ఊహించగలరు. చాలా ఉత్తరాలు రాశాక బ్యాంకు రుసుములు వెనక్కి తీసుకుంది. కానీ నివేదికలో 36 నెలల చెల్లింపు చరిత్ర కనబడుతుంది కనుక, ఆ మచ్చ మూడేళ్లు నాతోనే నడిచింది.

అప్పటికీ ఇప్పటికీ నిబంధనలు మారాయి. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో జారీచేసిన ఆదేశాల ప్రకారం, కార్డు ఇచ్చి 30 రోజులు దాటినా దాన్ని యాక్టివేట్ చేసుకోని ఖాతాదారు నుంచి ఓటీపీ ద్వారా అనుమతి తీసుకోవాలి. ఆ అనుమతి రాకపోతే ఏ ఖర్చూ లేకుండా ఖాతా మూసివేయాలి. ఏడాదికి మించి వాడని కార్డు విషయంలో ఖాతాదారుకు ముందుగా తెలియజేసి మూసివేత ప్రారంభించాలి. బాకీలు లేని కార్డును మూసెయ్యమని మనం అడిగితే ఏడు పనిదినాల్లో మూసివేయాలి, లేకపోతే మూసేవరకు రోజుకు 500 రూపాయల చొప్పున మనకే చెల్లించాలి. రుణ నివేదికలో తప్పుంటే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో పరిష్కరించాలి, అది దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కత్తెరతో కార్డును రెండు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేస్తే ఖాతా మూసినట్టేనని మా వీధిలో ఇప్పటికీ నమ్మేవారున్నారు. ముక్కలయ్యేది ప్లాస్టిక్ ఒక్కటే, ఖాతా బతికే ఉంటుంది.

అసలు ప్రమాదం మరొకచోట ఉంది. బిల్లు మీద రెండు అంకెలుంటాయి. ఒకటి మొత్తం బాకీ, రెండోది మినిమమ్ అమౌంట్ డ్యూ, అంటే ఆ నెలకు కనీసం కట్టవలసిన మొత్తం. మా పక్కింటి అబ్బాయి, డిగ్రీ చదివినవాడే, ఆ రెండో అంకె కడితే బిల్లు కట్టినట్టేనని ఆరు నెలలు అనుకున్నాడు. అతన్ని కూర్చోబెట్టి నోటు పుస్తకంలో లెక్క వేసి చూపించాను. బాకీ 50,000, కనీస చెల్లింపు 5 శాతం చొప్పున 2,500. అది కట్టాక మిగిలిన 47,500 మీద నెలకు 3.5 శాతం వడ్డీ 1,662 రూపాయల 50 పైసలు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 299 రూపాయల 25 పైసలు. రెండూ కలిపితే 1,961 రూపాయల 75 పైసలు. అంటే 2,500 కట్టిన మనిషికి నిజంగా తగ్గిన బాకీ 538 రూపాయల పాతిక పైసలు. ఇది కూడా, కొన్న రోజు నుంచి పడే వడ్డీని పక్కనపెట్టి, కొత్తగా ఏమీ కొనలేదనుకుని వేసిన లెక్క. బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్లకు ఆ 49 రోజుల వెసులుబాటు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు.

కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ నెలలూ ఏళ్లూ సాగి, వడ్డీ మీద వడ్డీ పడుతుందన్న హెచ్చరికను ప్రతి బిల్లు మీదా ముద్రించాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బ్యాంకులు ముద్రిస్తున్నాయి కూడా. కానీ నా ఏడు కార్డుల బిల్లుల్లోనూ ఆ వాక్యం ఇంగ్లీషులోనే, అదీ సన్నని అక్షరాల్లో ఉంది. కార్డు షరతులు సరళమైన భాషలో, వీలైనంతవరకు ఇంగ్లీషు, హిందీలతో పాటు స్థానిక భాషలోనూ ఉండాలని అవే ఆదేశాలు సూచించాయి. సూచన కాబట్టి అది సూచనగానే మిగిలిపోయింది. కార్డు అంటగట్టడానికి ఫోను చేసే అమ్మాయి చక్కని తెలుగులో మాట్లాడుతుంది. సంతకం పెట్టవలసిన కాగితం మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. నాకు ఇది సహించరానిదిగా తోస్తుంది.

ఈ అభిరుచి పేరు చెప్పుకుని జరుగుతున్న ఒక పనిని కూడా ఖండించాలి. రెండు మూడు శాతం కమీషన్ తీసుకుని, ఏమీ అమ్మకుండానే కార్డు గీకి నగదు చేతిలో పెట్టే దుకాణాలు మన పట్టణాల్లో ఉన్నాయి. ఒక కార్డు బాకీని మరో కార్డు గీకి కట్టే ఈ పద్ధతిని కుర్రవాళ్లు రొటేషన్ అంటున్నారు. అది కార్డు ఒప్పందానికి విరుద్ధం, లెక్క ప్రకారం చూసినా నెలనెలా పెరిగే అప్పే. ఆ పని చేసేవారు మా కోవలోనివారు కారు.

కార్డును పద్ధతిగా వాడి మేలు పొందినవారి గురించి కూడా చెప్పాలి. తెనాలిలో ఉన్న మా చెల్లెలు ఇంట్లో మిషను కుట్టి సంపాదిస్తుంది. ఇరవై ఏళ్లుగా ఒక్క వాయిదా తప్పకుండా చిట్టీలు కట్టింది. ఆ చిట్టీల పుస్తకాన్ని ఏ రుణ సమాచార సంస్థా చూడదు. జీతం కాగితం లేదు కాబట్టి ఆమెకు కార్డు ఇవ్వరు, కార్డు లేదు కాబట్టి చరిత్ర లేదు. ఇరవై వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయించి, దాని హామీ మీద ఇచ్చే కార్డు ఇప్పించాను. గ్యాసు, కరెంటు బిల్లు మాత్రమే దాని మీద కట్టి, ప్రతి నెలా పూర్తిగా తీర్చేసింది. ఏడాది తిరిగేసరికి ఏడు వందలు దాటిన స్కోరు వచ్చి, కొత్త మిషన్లకు బ్యాంకు రుణం దొరికింది. మా అబ్బాయి ఎంఎస్ కోసం అమెరికా వెళ్లినప్పుడూ ఇదే జరిగింది. ఇక్కడి చరిత్ర అక్కడ సాధారణంగా చెల్లదు, డిపాజిట్ కట్టి తీసుకున్న చిన్న కార్డుతో మొదటి నుంచి మొదలుపెట్టాడు. అక్కడ ఫైకో సంస్థ లెక్కగట్టే క్రెడిట్ స్కోరులో సకాలంలో చెల్లించడానికి 35 శాతం, బాకీల పరిమాణానికి 30 శాతం, చరిత్ర వయసుకు 15 శాతం ప్రాధాన్యమని ఆ సంస్థే ప్రకటించింది. ఏటా అమెరికా వెళ్లే మన పిల్లలు విమానం ఎక్కేముందు తెలుసుకుని వెళ్లవలసిన సంగతి ఇది.

మా చెల్లెలి కోసం తయారుచేసిన, కార్డుల ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటల పట్టిక ఒకటి నా పుస్తకం చివరి పేజీల్లో ఉంది. స్టేట్‌మెంట్ డేట్‌కు బిల్లు కట్టే తేదీ అని మొదట రాశాను. ఆమె దాన్ని డబ్బు కట్టే తేదీ అనుకుని పొరబడింది. అప్పుడు దాన్ని బిల్లు తయారయ్యే తేదీగా మార్చాను. మినిమమ్ డ్యూకు కనీస చెల్లింపు అన్న మాట కూడా ఆమెను మోసగించింది, కాబట్టి మిగతాదానికి వడ్డీ పడే చెల్లింపు అని రాశాను. నలభైకి పైగా మాటలకు ఇలా ఆమె అర్థం చేసుకున్న తెలుగు ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల బ్యాంకర్ల సమితులు తమ సమావేశాల్లో తెలుగు బిల్లుల అంశాన్ని చర్చకు పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మీరు వారం వారం కొన్ని మాటల చొప్పున ప్రచురించదలచుకుంటే ఆ పట్టికను తిరగరాసి పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు,
గుంటూరు.