చిరంజీవి ప్రసాదుకు

నాయనా ప్రసాదూ,

ఆశీస్సులు. ఇక్కడ మేం క్షేమం. కోడలు పిల్ల ఒంట్లో ఎట్టుందో రాయి. కాళ్ళ వాపులు తగ్గాయా? చంద్రక్క కూతురు డల్లాస్ వస్తోందంటే ఈ ఉత్తరం, మీ అమ్మ కట్టిన డబ్బాలు ఆ అమ్మాయికిచ్చి పంపుతున్నాం. పెద్ద డబ్బాలో కరివేపాకు పొడి, చిన్నదాంట్లో సున్నుండలు. ఎండు చేపలు కూడా సర్దబోతే నేనే ఆపాను, పరాయి బిడ్డ అక్కడ ఎయిర్‌పోర్టులో సంజాయిషీ చెప్పుకుంటూ నిలబడాల్సొస్తుందని. సున్నుండలు కోడలికి, నీకు కాదు.

ఫోన్‌లో చెప్పొచ్చు గదా, ఈ కాలంలో ఉత్తరమేందని అనుకుంటావు. ఫోన్ ఎత్తితే గదా నాయనా. మీ అమ్మ ఆదివారం పొద్దున్నే ఫోన్ చార్జింగ్ పెట్టుకుని హాల్లో కూర్చుంటోంది. పని ఒత్తిడి ఉంటుందిలే అని నేనే సర్దిచెబుతున్నా.

సోమశిలకు నీళ్ళు బాగానే వచ్చాయంటున్నారు. మన దుత్తలూరు చేలకు ఆ నీళ్ళతో ఏం పని, మనకు బోరే దిక్కు. ఈసారి శనక్కాయ వెయ్యొద్దని మాలకొండయ్య కొడుకుతో చెప్పేశాను. ఊడలు దిగే టైముకు పందులు మందలుగా దిగుతున్నాయి. పోయినేడు పెట్టిన విత్తనం కూడా చేతికి రాలేదు. పక్క చేనాయన రాత్రిళ్ళు కంచెకు కరెంటు ఇస్తున్నాడని తెలిసి నేనే పోయి గొడవపడి వచ్చాను. పందికోసం పెట్టిన తీగకు మనుషులు పోతున్నారు, పేపర్లో చూడ్డంలా?

పందుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. పామూరు అత్త మనవడు మొన్న ఏదో స్టేటస్ చూపించాడు. నువ్వు భుజాన రైఫిలు పెట్టుకుని నిలబడ్డావు, కాళ్ళ దగ్గర ఇంత పంది. ఇంజనీరింగ్ సీటొచ్చిన రోజు నవ్విన నవ్వే. నెత్తిన టోపీ లేదు. అక్కడి ఎండ మన ఎండకన్నా తక్కువేం కాదని నువ్వే అంటావు గదా, టోపీ ఏమైంది?

నువ్వే కాల్చావో, ఎవరో కాలిస్తే ఫోటో కోసం నువ్వు పట్టుకున్నావో నాకు తెలీదు. చట్టానికి రెండూ ఒకటే, అందుకే ఈ ఉత్తరం. నీకు క్లాసు పీకాలని కాదు. కలెక్టరాఫీసులో ఉన్నన్నాళ్ళూ తుపాకీ లైసెన్సు ఫైళ్ళు నా బల్ల మీదుగానే పోయాయి గదా, చూసీ చూడనట్టు ఊరుకోలేక రాస్తున్నా. మన దగ్గర పంట కాపలాకని రైతు అడిగితే చట్టంలో రాసింది ముందు నుంచి మందు కూరే తుపాకీ. ఆత్మరక్షణకో, ఆటకో అంటే గొట్టం ఇరవై అంగుళాలకు తగ్గకుండా, లోపల నున్నగా ఉండే తుపాకీ. .303 రైఫిలు లాంటివి ప్రొహిబిటెడ్ బోరు, అంటే మామూలుగా జనానికి ఇవ్వని నిషేధిత రకం. ఆ ఫైలు ఢిల్లీ దాకా పోవాల్సిందే. ఎలక్షన్ వచ్చిందంటే తుపాకులు తెచ్చి స్టేషన్లో అప్పజెప్పి రసీదు తీసుకుని పోయేవాళ్ళు పెద్ద పెద్ద ఆసాములు కూడా. ఇంత చేసీ, 1972 వన్యప్రాణి చట్టాన్ని 1991లో సవరించాక తుపాకీ లైసెన్సు చేతిలో ఉన్నా అడవిలో కుందేల్ని కొట్టడానికి కూడా లేదు. చేలో పడ్డ పందిని కొట్టాలన్నా ఫారెస్టు వాళ్ళ రాతపూర్వక అనుమతి ఉండాలి. తుపాకీకి ఒక కాయితం, జంతువుకు ఇంకో కాయితం. ఒకటి ఉందని రెండోది ఉన్నట్టు కాదు. ఈ ముక్క గుర్తు పెట్టుకో, మళ్ళీ వస్తాను.

వెంకయ్య తాత తుపాకీ సంగతి నీకు సగమే తెలుసు. గోడకు ఆ రెండు కొయ్యలెందుకని అడిగేవాడివి, నీ స్కూలు బ్యాగు వాటికే తగిలించేవాడివి. అది పంట కాపలాకు ఇచ్చిన ఒంటి గొట్టం తుపాకీ. తాత దాన్ని పేల్చడమే అరుదు. ఎప్పుడైనా పేల్చినా గాల్లోకే, చప్పుడుకే పోతాయిలే అనేవాడు. నేను పదో తరగతిలో ఉండగా నెల్లూరు నుంచి చిన్నమామ దిగాడు. కొత్త ఉద్యోగం, కొత్త బూట్లు. వచ్చిన గంట నుంచీ షికారు షికారని తాత ప్రాణం తీశాడు. బామ్మర్ది మాట కాదనలేక తాత తుపాకీ చేతికిచ్చి మాలకొండయ్యను తోడు పంపాడు. నేనూ వెంటబడ్డాను.

అమావాస్య దగ్గర రోజులు. శనక్కాయ చేను గట్టున కూర్చున్నాం. చాలాసేపటికి చేలో ఏదో కదిలింది. చిన్నమామ లేచాడు. మాలకొండయ్య ఆయన చొక్కా పట్టుకుని, "ఆగు సామీ, పందయితే తవ్వే చప్పుడొస్తది, ఇది నమిలే చప్పుడు" అన్నాడు. మామ ఆగితే గదా. పేల్చేశాడు. ఆ అరుపు ఊరంతా విన్నది. అది పోలేరమ్మకు వదిలిన దున్నపోతు! ఎవరి చేలో పడ్డా ఎవరూ అదిలించేవాళ్ళు కాదు, కావలసినంత తిని ఏనుగులా ఉండేది. ఒళ్ళంతా తుపాకీ రవ్వలతో ఊళ్ళోకి పరిగెత్తి, టీ కొట్టు పందిరి కూల్చి, చెరువు కట్ట మీద పడి చచ్చింది. తెల్లారేసరికి రచ్చబండ దగ్గర జనం. అమ్మవారికి బదులు దున్న కొనిచ్చేదాకా మామను బస్సెక్కనివ్వలేదు. ఆయన మూడు నెలల జీతం దానికే పోయింది. ఇప్పటికీ అడిగి చూడు, "అది పందేరా" అంటాడు.

దున్నపోతు కథే నీకు తెలిసిన సగం. మిగతా సగం మేం ఇంట్లో మాట్లాడుకోం. దున్న నిలబడ్డ చోటికి అవతల మంచె కింద మంచం వేసుకుని మన పాలేరు కుర్రాడు పడుకుని ఉన్నాడు. దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు, మాకెవరికీ కనపళ్ళా. పొద్దున చూస్తే మంచం కోడులో రెండు రవ్వలు దిగి ఉన్నాయి. తాత ఆ రోజు అన్నం ముట్టలేదు. తర్వాత స్టేషన్ వాళ్ళు వచ్చి, లైసెన్సు ఎవరి పేరున, పేల్చింది ఎవరు అని రెండే ప్రశ్నలు అడిగారు. తుపాకీ పోయింది, లైసెన్సు రద్దయింది. పేల్చిన చిన్నమామ నెల్లూరు పోయి ఉద్యోగం చేసుకున్నాడు. ఇచ్చిన పాపానికి తాత వాయిదాలకు తిరిగాడు.

ఇక నీ సంగతి. సుబ్బు బావకు ఫోన్ చేసి అంతా అడిగి రాసుకున్నాను, కోప్పడొద్దు. టెక్సాస్‌లో 2019 సెప్టెంబరు నుంచి, పొలం ఆసామి ఒప్పుకుంటే ప్రైవేటు స్థలంలో అడవి పందిని కొట్టడానికి హంటింగ్ లైసెన్సు అక్కర్లేదంట. ఈ మాట పట్టుకునే మీ స్నేహితులు నిన్ను తీసుకుపోయారని నా అనుమానం. మాట నిజమే. కానీ అది పందికి సంబంధించిన రూలు, నీ చేతిలో రైఫిలుకు సంబంధించింది కాదు. నీలా వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదని అక్కడి ఫెడరల్ చట్టం. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. అందులో నీకు పనికొచ్చేది, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం. అంటే పందికి అక్కర్లేని లైసెన్సు నీకు కావాలి! రైఫిలు నీది కాదు, ఫ్రెండుదంటే కుదరదు. తప్పని తేలితే పదిహేనేళ్ళ దాకా జైలు వెయ్యొచ్చు, పైగా దేశం నుంచి పంపేస్తారు. బావకు గ్రీన్ కార్డు ఉంది, ఆయన పట్టుకుంటే ఒక లెక్క, నువ్వు పట్టుకుంటే ఇంకో లెక్క. బావ పోయాడు గదా అని నువ్వు పోకూడదు.

లైసెన్సు ఉంటే సంతోషం. కానీ అది ఆగస్టు 31తో అయిపోతుంది, తేదీ చూసుకో. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలంట, ఆన్‌లైన్‌లోనే ఉందంట. కంచె దాటి పక్కవాడి స్థలంలోకి తూటా పోతే అదో కేసు. ప్రభుత్వ స్థలాల్లో వేటకు పోతే నారింజ రంగు కోటూ టోపీ తప్పనిసరి. ప్రైవేటు పొలంలో అడగరంట, అయినా వేసుకో. పందిని రాత్రిపూట కూడా కొట్టొచ్చన్నాడు బావ. అది మాత్రం నాకు మింగుడు పడలా. కోసేటప్పుడు చేతులకు గ్లవ్స్ ఉండాలి, ఆ పందుల రక్తంతో బ్రూసెల్లా జబ్బు వస్తుంది. ఆ బట్టలతో కోడలి దగ్గరికి పోవద్దు. ముందు స్నానం.

మీ అమ్మకు ఈ వీసా గొడవేమీ తెలీదు. ఫోటో మాత్రం చూసింది. కడుపుతో ఉన్న మనిషిని ఇంట్లో పెట్టుకుని జీవహింసా, అదీ శనివారం పూట, అని ఒకటే గొణుగుడు. పెంచలకోనకు పోయి నీ పేరున అర్చన చేయించి వచ్చింది. శనివారమని ఫోటోలో ఎట్టా తెలిసిందో నన్నడగొద్దు.

లైసెన్సు ఉంటే రెండు వైపులా ఫోటో తీసి నాకు పంపు, తేదీ కనపడాలి. లేకపోతే లేదని ఒక్క ముక్క రాయి, ముందు ఒక మంచి లాయరును చూసుకుందాం. డబ్బు సంగతి ఆలోచించొద్దు, మీ అమ్మకు ఏం చెప్పాలో నేను చూసుకుంటా.

మీ నాన్న