కౌంటీ ఉపాధి కేంద్రం అధికారి గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

నా భార్య గుంటూరులో బీఫార్మసీ చదివింది, మూడేళ్లు మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసింది. ఇప్పుడు టెక్సస్‌లో ఒక మందుల షాపు కౌంటర్ వెనక ట్రేలో మాత్రలు అయిదేసి చొప్పున లెక్కపెడుతోంది. ఆ పని చిన్నదని కాదు. ఆమెకు అంతకన్నా ఎక్కువే వచ్చు.

2003 జనవరి 1 తర్వాత పట్టా పొందిన విదేశీ ఫార్మసిస్టులు కనీసం అయిదేళ్ల కోర్సు చదివి ఉంటేనే ఇక్కడి అర్హత పరీక్షకు కూర్చోనిస్తారు. మన బీఫార్మసీ నాలుగేళ్లు. ఆరేళ్ల ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు మన దేశంలో 2008లో గానీ మొదలవలేదు. ఒక్క ఏడాది చదువు తేడాతో తలుపు మూసుకుపోయింది.

ఆ రూలు మార్చడం మీ చేతిలో లేదని తెలుసు. కానీ మీ కేంద్రానికి వెళ్తే, పాపం ఆ కౌన్సిలర్ మర్యాదగానే మాట్లాడి, గోడౌన్ ఉద్యోగాల లిస్టు చేతిలో పెట్టింది. డిగ్రీ ఏమిటని అడగనే లేదు! మందుల దుష్ప్రభావాలను నమోదుచేసే డ్రగ్ సేఫ్టీ, క్లినికల్ రీసెర్చ్, క్వాలిటీ కంట్రోల్: వీటికి ఫార్మసిస్ట్ లైసెన్సు అక్కర్లేదు. ఈ సంగతి మాకు గుళ్లో ప్రసాదం క్యూలో ఒకావిడ చెబితే తెలిసింది.

పైగా నా భార్యది హెచ్‌4 (హెచ్‌1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా) మీద వచ్చిన వర్క్ పర్మిట్. 2025 అక్టోబర్ 30 నుంచి పెట్టే రెన్యువల్ దరఖాస్తులకు ఆటోమేటిక్ పొడిగింపు లేదు. కార్డు రావడం ఆలస్యమైతే ఉద్యోగం ఆపేయాల్సిందే. ఆ టెన్షన్‌లో కొత్త కోర్సుకు డబ్బు కట్టాలంటే చెయ్యి రాదు.

విదేశీ డిగ్రీల విలువ కట్టించడం తెలిసిన కౌన్సిలర్‌ను వారానికి ఒక్క పూటైనా కూర్చోబెట్టండి. శనివారమైతే మరీ మంచిది, నా భార్యకు ఆ రోజే సెలవు.

ఇట్లు,
ఒక భర్త