అమ్మ ఆపరేషన్‌కు అండగా నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

మా అమ్మ క్షేమంగా ఆమదాలవలసలోని ఇంటికి చేరింది. మెదడు పైపొరల్లో పెరిగిన గడ్డను విశాఖపట్నంలో తీశారు. మెనింజియోమా అట, క్యాన్సర్ కాదని పరీక్షలో తేలింది. రక్తమిచ్చిన తమ్ముడి స్నేహితులకు, కాగితాల పనంతా దగ్గరుండి చేయించిన ఆరోగ్యమిత్ర అక్కకు, నాన్నకు వేళకు అన్నం పంపిన పక్కింటి పిన్నిగారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఇక అమ్మ జుట్టును కాపాడినవారి గురించి విడిగా చెప్పాలి.

గడ్డ సంగతి అమ్మ ధైర్యంగానే విన్నది. "గుండు చేస్తారా?" అని అడుగుతున్నప్పుడే గొంతు పూడుకుపోయింది. సింహాచలంలో తలనీలాలు ఇవ్వడం వేరు, అది మనసారా మొక్కుకుని ఇచ్చేది. పసుపు కుంకుమలతో ఉన్న మనిషికి ఆసుపత్రిలో గుండు అంటే ఆ తరం ఆడవాళ్లకు ఎంత దిగులో చెప్పలేను. ప్రాణం కంటే జుట్టు ఎక్కువా అని బంధువులు కసిరారు. ఎక్కువని అమ్మ అననే లేదు.

ముందురోజే ఊళ్లో గుండు చేయించి తీసుకొస్తామని నాన్న ఫోన్ చేస్తే, వార్డు సిస్టర్ గారు గట్టిగా వద్దన్నారు. కత్తితో గొరిగితే చర్మం మీద కంటికి కనిపించని గాట్లు పడతాయని, వాటిలో సూక్ష్మక్రిములు చేరితే ఆపరేషన్ కోత చీము పట్టే ప్రమాదం పెరుగుతుందని ఓపికగా వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఉన్నది ఇదే: వీలైతే జుట్టు తీయకూడదు, తప్పనిసరైతే క్లిప్పర్‌తోనే (జుట్టు కత్తిరించే మిషన్‌తోనే) తీయాలి, కత్తి వాడకూడదు.

సర్జన్ గారు మంచం పక్కన కూర్చుని, కోత ఎక్కడ పడుతుందో అమ్మ తల మీదే వేలితో గీసి చూపించారు. అక్కడ రెండు వేళ్ల వెడల్పున తీస్తే చాలన్నారు. అందరికీ ఇలా కుదరదని, గడ్డ ఉన్న చోటును బట్టి ఎక్కువ తీయాల్సి రావచ్చని కూడా దాచకుండా చెప్పారు. ఆ రాత్రి సిస్టర్ గారు మందు నీళ్లతో అమ్మకు తలంటి, చిక్కు తీసి, కోత గీతకు అటూ ఇటూ సన్నని పాయలుగా అల్లి రబ్బరు బ్యాండ్లు వేశారు. తీసిన జుట్టును మర్నాడు కాగితం పొట్లంలో అమ్మకే అందించారు, ఉంచుకోవాలో పారేయాలో ఆమె ఇష్టమని.

స్పృహ రాగానే అమ్మ చెయ్యి మెడ వెనక్కి వెళ్లింది. "జడ ఉందమ్మా" అన్నారు సిస్టర్ గారు. నొప్పి తగ్గించే మందు కంటే ఆ మాటే అమ్మకు ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

ఇలాంటి ఆపరేషన్ ముందున్న కుటుంబాలవారు జుట్టు ఎంత తీస్తారు, దేనితో తీస్తారు, ఎప్పుడు తీస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. ఇంటి దగ్గర మాత్రం గొరిగించకండి. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, మచ్చ గీత మీద మాత్రం రాకపోవచ్చు.

కుట్లు విప్పాక మా వీధి మంగలి మామయ్య ఇంటికే వచ్చి, మచ్చకు తగలకుండా కత్తెరతో అంచులు సరిచేసి వెళ్లాడు. డబ్బులిస్తే ససేమిరా తీసుకోలేదు. మామయ్యా, నీకు కూడా మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు.