బిడ్డ ఎన్ని వారాలకు పుట్టిందో స్కూళ్ళు కూడా అడగాలి

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

జూన్ వస్తే మా కావలిలో ఏ స్కూలుకి పోయినా అడ్మిషన్ ఫారంలో ఆధార్, కులం, పుట్టుమచ్చలతో సహా అన్నీ రాయించుకుంటారు గానీ బిడ్డ నెలలు నిండి పుట్టిందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు. ఆ ఒక్క ప్రశ్న ఫారంలో పెట్టండి అని అడగడానికే ఈ లెటర్ రాస్తున్నా.

మా పాప 31 వారాలకే పుట్టింది, కేజీన్నర బరువు కూడా లేదు, నెల్లూరులో చాలా రోజులు బాక్సులో పెట్టారు. ఇప్పుడు మూడో క్లాసు. కథ ఒకసారి చెప్తే చాలు తిరిగి మనకే చెప్పుద్ది, మాటల్లో ఎవరికీ తగ్గదు, కానీ లెక్కల దగ్గరకొస్తే ఆగిపోద్ది. బోర్డు మీద చూసి రాసుకునే లోపల తుడిచేస్తారు. "బుక్కు తియ్యండి, ఇరవయ్యో పేజీలో మూడో లెక్క చేసి డేట్ వేసి తీసుకురండి" అని గబగబా చెప్తే బుక్కు తీసి మిగతాది మర్చిపోయి పక్కన వాళ్ళ మొహం చూస్తా కూర్చుంటది. డైరీలో ఏమో శ్రద్ధ లేదు అని రాసి పంపిస్తారు. శ్రద్ధ లేక కాదండీ అది.

37 వారాలు నిండక ముందే పుట్టే బిడ్డలు ప్రపంచం మొత్తం మీద పదిమందిలో సుమారు ఒకరు ఉంటారు, 2020లో మన దేశంలోనే దాదాపు 30 లక్షల మంది అట్టా పుట్టారు. అంటే నలభై మంది ఉన్న క్లాసులో ముగ్గురో నలుగురో ఉండొచ్చు, టీచరుకి తెలియదు అంతే. కడుపులో ఆఖరి మూడు నెలల్లో మెదడు చాలా వేగంగా పెరుగుద్ది, ఆ టైములో కొంత వీళ్ళు బయట వైర్ల మధ్య గడిపారు. అందుకని కొంతమందికి విన్నది గుర్తు పెట్టుకుని చెయ్యడం, లెక్కలు, చేతిరాత, ఎక్కువసేపు ఒకదాని మీద ధ్యాస పెట్టడం కష్టమవుద్ది. అందరికీ కాదు, చాలామంది బాగానే చదువుతారు, ఎంత ముందు పుడితే ఇబ్బంది వచ్చే అవకాశం అంత ఎక్కువ.

వయసు సంగతి ఇంకోటి. మా పాప జూలై ఆఖర్లో పుట్టాల్సింది, మే నెలాఖర్లో పుట్టింది. జూన్ ఒకటికి ఐదేళ్ళు నిండాయి కాబట్టి ఒకటో క్లాసులో వేశారు. టైముకి పుట్టి ఉంటే తర్వాత ఏడాది క్లాసులో ఉండేది, ఆ క్లాసులో పెద్ద పిల్లల్లో ఒకతి అయ్యేది, ఇప్పుడు ఈ క్లాసులో అందరికన్నా చిన్నది. డాక్టర్లు రెండేళ్ళ దాకా పుట్టాల్సిన తేదీ నుంచి వయసు లెక్కేసి ఎదుగుదల చూస్తారు, ఆ తర్వాత ఆ సంగతి ఎవరికీ పట్టదు. ఒక ఏడాది ఆగుతామండీ అంటే "యూకేజీ అయిపోయింది గదా, ఏడాది ఎందుకు వేస్ట్ చేసుకుంటారు" అన్నారు స్కూల్లో, చుట్టాలూ అదే మాట. ఇట్టా కటాఫ్ దగ్గర్లో, నెలలు తక్కువతో పుట్టిన పిలకాయల విషయంలో తల్లిదండ్రులు ఆగుతామంటే ఆగనివ్వాలి, అది వేస్ట్ కాదు.

ఇంక క్లాసులో చెయ్యాల్సినవి ఖర్చు లేనివే. ఒకేసారి నాలుగు పనులు చెప్పకుండా ఒకటి అయ్యాక ఒకటి చెప్పడం, ముందు బెంచీలో కూర్చోబెట్టడం, పరీక్షలో పది నిమిషాలు ఎక్కువ ఇవ్వడం, లెక్కల్ని చింతగింజలతోనో పుల్లలతోనో చేత్తో పట్టుకుని చేయించడం. అక్షరం బాలేదని పేజీ చించి మళ్ళీ రాయించడం దయచేసి ఆపండి, ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కూడా తినదు. బోర్డు కనపడక రాయట్లేదేమో కూడా చూడాలి, నెలలు తక్కువ బిడ్డలకి కంటి ఇబ్బందులు ఎక్కువ, వినికిడి కూడా టెస్ట్ చేయించాలి. స్కూళ్ళకొచ్చి పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే డాక్టర్లకి ఈ పిల్లల పేర్లు ముందే ఇస్తే వాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తారు.

మండలాల్లో భవిత సెంటర్లు ఉన్నాయి, మంచివే, కానీ అవి వైకల్యం ఉన్న పిల్లలకి. మా పాప లాంటి వాళ్ళకి సర్టిఫికెట్ రాదు, అట్టాగని క్లాసుతో పాటు నడవలేరు, మధ్యలో మిగిలిపోతున్నారు. టీచర్ల మీద నాకు కోపం లేదండి, వాళ్ళ ట్రైనింగులో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. డీఈఓ గారు, చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో ఒక గంట ఒక పిల్లల డాక్టరు చేత దీని మీద మాట్లాడిస్తే చాలావరకు సర్దుకుంటది.

తోటి తల్లులకి కూడా ఒక మాట, ఆస్పత్రి డిశ్చార్జ్ కాగితాలు పారెయ్యబాకండి, స్కూల్లో చెప్తే బిడ్డని తక్కువగా చూస్తారేమో అని దాచిపెట్టబాకండి, జూన్లోనే జిరాక్స్ తీసి క్లాస్ టీచర్ చేతికి ఇవ్వండి.

- ఒక తల్లి, కావలి, నెల్లూరు జిల్లా