పాత కార్ల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది 12 నెలవారీ సమావేశాల్లో 10 జరిగాయి, 2 కోరం లేక వాయిదా పడ్డాయి. వైరింగ్ మీద, బ్రేకుల మీద ఒక్కొక్క శిక్షణ పెట్టాం. వివరాలు మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి.

అసలు చెప్పాల్సింది మన సంఘం పాత బ్రిటిష్ కారు మోరిస్ మైనర్ గురించి. నిలబెట్టి స్టార్ట్ చేస్తే ఇంజిన్ చక్కగా తిరిగేది. రోడ్డెక్కి వేగం అందుకోగానే దగ్గి ఆగిపోయేది. పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ కదిలేది. పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్ రెండుసార్లు విప్పినా లాభం లేకపోయింది. చివరికి ట్యాంకు అడుగు నుంచి పెట్రోలు గాజు సీసాలోకి పట్టి రాత్రంతా ఉంచాం. పొద్దునకి సీసా కింద వేలెడు మందాన నీళ్లు, వాటి అడుగున ఇటుకపొడి లాంటి తుప్పు! బండి సగం ట్యాంకుతో నెలల తరబడి నిలిచిపోతే లోపలి తేమ చెమర్చి కిందికి దిగుతుంది. పెట్రోలు కన్నా నీళ్లు బరువు కాబట్టి అడుగునే ఉండి రేకును తినేస్తాయి. పంపు గట్టిగా లాగినప్పుడు ఆ తుప్పు పెచ్చులు పైపు మూతికి అడ్డం పడేవి, ఇంజిన్ ఆగగానే జారిపోయేవి.

లోపల పూత పూస్తే చాలని కొందరన్నారు. అంతగా పెచ్చులు లేచిన రేకు మీద పూత నిలవదు, ఊడొచ్చి అదీ పైపుకే అడ్డం పడుతుంది. అందుకే కొత్త ట్యాంకుకి తీర్మానం చేశాం.

పనికి పేర్లిచ్చింది 12 మంది. వచ్చింది నలుగురు. మిగతావాళ్లు ఒక్క ఫోనైనా చేసి ఉంటే బాగుండేదని బాధతోనే రాస్తున్నాను. ఆ నలుగురూ ఆరుబయట, బ్యాటరీ తీసేసి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని పని చేశారు. పెట్రోలు తోడేశాక లోపల మిగిలే ఆవిరితోనే ఎక్కువ ప్రమాదం కాబట్టి గ్రైండర్ ముట్టుకోలేదు. పట్టేసిన బోల్టులకు రెండు రోజులు నూనె పెట్టి చేత్తోనే విప్పారు. ట్యాంకు దించి ఊపితే గలగలమంది. పెట్రోలు మీద తేలుతూ మట్టాన్ని గేజుకి చెప్పే ఫ్లోట్‌లోకి పెట్రోలు దూరి అది మునిగిపోయి ఉంది. గేజు ఎప్పుడూ ఖాళీ చూపించడానికి కారణం అదే!

సరఫరాదారు మొదట వేరే మోడల్ ట్యాంకు పంపి, ఐదు వారాలు జవాబివ్వలేదు. సరైనది వచ్చాక పెట్రోలు లైనులో గాలి కొట్టి శుభ్రం చేశాం. పెట్రోలులో కలిపే ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు గొట్టాలు, కొత్త ఫ్లోట్, అతుకు దగ్గర కారకుండా పెట్టే కొత్త గాస్కెట్ వేశాం. 5 లీటర్లు పోస్తే ఎక్కడా కారలేదు. నిండా పోశాకే ఫ్లోట్ గాస్కెట్ దగ్గర తడి కనిపించింది. మళ్లీ విప్పి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాం. తెల్లగుడ్డతో తుడిస్తే పొడిగా వచ్చింది. తర్వాత బండి 40 కిలోమీటర్లు ఒక్కసారీ ఆగకుండా తిరిగొచ్చింది.

ఆ నలుగురికీ, షెడ్డు ఇచ్చిన ఉపాధ్యక్షుల వారికీ, పనిముట్లు తెచ్చిన కోశాధికారి గారికీ, ఉత్తరాలన్నీ రాసిపెట్టిన సంయుక్త కార్యదర్శి గారికీ సంఘం తరఫున కృతజ్ఞతలు.

లెక్కలు ఆడిటర్ గారు సరిచూశారు, పట్టిక జతచేశాం.

షెడ్డు నుంచి తీసుకెళ్లిన స్పానర్ సెట్టు ఇంకా తిరిగి రాలేదు, దయచేసి ఇవ్వండి. వచ్చే నెల ఇదే బండికి బ్రేకుల పని ఉంది. పేర్లు రాసుకుంటున్నాం, రాగలిగినవాళ్లే ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి